చెవిని లెక్కలోకి తీసుకోని వైద్య బోర్డు

బంజారాహిల్స్‌లో నగల దుకాణం ముందో, పంజాగుట్టలో బ్యాంకు గుమ్మం వద్దో తుపాకీతో నిలబడే కాపలాదారులలో మాజీ సైనికులు ఎందరో ఉంటారు. వారితో మాట్లాడుతున్నప్పుడు ఒకే మాటను రెండుసార్లు చెప్పవలసి వచ్చిందా? దానిని పరధ్యానమని అనుకోకండి. ఏళ్ల తరబడి ఫిరంగుల పక్కన, ట్యాంకులలో, జనరేటర్ల వద్ద పనిచేసినవారికి లోపలి చెవిలోని కేశ కణాలు నశిస్తాయి. అవి మళ్ళీ పుట్టవు. తొలుత దెబ్బతినేది 4,000 హెర్ట్జ్ ప్రాంతపు వినికిడి. గొంతు వినబడుతుంది గాని, మాట తెలియదు. ఆరు మీటర్ల దూరంనుంచి గుసగుసగా పలికి చేసే పరీక్షకు ఈ లోపం చాలాసార్లు చిక్కదు. ఆడియోమెట్రీ చేయవలసిందే.

ఇటువంటి వ్యక్తి విరమణ సమయపు వైద్య బోర్డు పత్రంలో నడుము నొప్పికి 15 శాతం వేసి, చెవుల ఊసే ఎత్తలేదనుకోండి. సర్వీసు పూర్తిచేసుకుని వచ్చినవారికి వైకల్య పింఛను దక్కాలంటే 20 శాతం ఉండాలి. రెండు వైకల్యాల శాతాలను నేరుగా కూడరు, సమ్మిళిత శాతం కడతారు. అయినా వదిలేసిన ఆ చెవే గీత దాటించవచ్చు. దాటితే 20ని 50గా సవరించి చెల్లించాలి. ఈ సవరణ సర్వీసు పూర్తిచేసినవారికీ వర్తిస్తుందని 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఒక్క పరీక్ష చేయకపోవడం ఖరీదు ఇంత!

ఇక "శరీర తత్త్వం వల్ల వచ్చినది, సేవతో సంబంధం లేదు" అనే ముక్క. వైద్యుడిగా నాకు ఇది రోగ నిర్ణయంలా కనిపించదు, తప్పించుకోవడంలా కనిపిస్తుంది. 1985లో సైన్యంలో చేరి, 1994లో మూర్ఛవ్యాధితో ఇంటికి పంపబడిన ధరంవీర్ సింగ్‌కు ఇదే మాట రాశారు. చేరిననాడు వ్యాధిని నమోదు చేయకపోతే ఆరోగ్యవంతుడనే భావించాలనీ, సంబంధం లేదని నిరూపించే భారం ప్రభుత్వానిదేననీ, బోర్డు కారణాలు రాయాలనీ 2013 జూలై 2న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2023 సెప్టెంబరు 21 నుంచి విరమించినవారికి కొత్త నియమాలు వచ్చాయి. అంతకు ముందువారిని వాటితో బెదిరించడం అన్యాయం.

బీపీకి, షుగరుకు కూడా పింఛనా అని ఎగతాళి చేసేవారున్నారు. అనర్హులు ఉంటే ఉండవచ్చు. వారిని ఏరివేయాలన్నా శ్రద్ధగా పరీక్షించడమే మార్గం కదా!

తిరస్కరణ లేఖ అందిన ఆరు నెలలలోగా మొదటి అప్పీలు, అదీ పోతే మళ్ళీ ఆరు నెలలలో రెండవ అప్పీలు చేసుకోవాలి. ఆ తరువాతే సాయుధ దళాల ట్రైబ్యునల్. మన రాష్ట్రం చెన్నై బెంచి పరిధిలో ఉంది. బోర్డు పత్రాల నకలు లేకపోతే సమాచార హక్కు కింద అడగండి. అప్పీలులో "నాకు అన్యాయం జరిగింది" అని రాసి ఊరుకుంటే అదే జవాబు తిరిగి వస్తుంది. విడిచిపెట్టిన ప్రతి వ్యాధినీ విడిగా పేర్కొనండి: ఏ యూనిట్‌లో, ఏ పని, ఎన్నేళ్లు, ఏ ఆసుపత్రిలో ఎప్పుడు చూపించుకున్నారు. ఆడియోగ్రామ్‌ను, ఎమ్మారై నివేదికను జతచేసి, మళ్ళీ వైద్య బోర్డు ముందు పరీక్షించమని కోరండి. రాసిపెట్టే మనిషి లేకపోతే సోమాజిగూడలోని సైనిక సంక్షేమ కార్యాలయాన్ని అడగండి.

నా తోటి వైద్యులారా, మీ వద్దకు వచ్చిన మాజీ సైనికుడికి "వినికిడి తగ్గింది" అని రెండు పదాల చీటీ ఇచ్చి పంపకండి. ఏ పౌనఃపున్యంలో ఎన్ని డెసిబెల్స్ పోయిందో, అది శబ్దపు దెబ్బకు సరిపోలుతుందో లేదో రాయండి. ట్రైబ్యునల్ ముందు నిలిచేది ఆ కాగితమే.

ఆలస్యమైందని మానుకోనక్కరలేదు. పింఛను హక్కు నెలనెలా కొనసాగుతుంది. కానీ 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు ప్రకారం, ఆలస్యంగా ట్రైబ్యునల్‌కు వెళితే బకాయి సాధారణంగా దరఖాస్తుకు ముందటి మూడేళ్లకే పరిమితం.