గాజు తొట్టిలో ఊసరవెల్లి

జెడ్డా పాతబస్తీ బలద్‌లో ఉంటున్న మా బంధువుల అబ్బాయి ఈ వారం వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. అదొక చేపల తొట్టి. చేపలూ లేవు, నీళ్లూ లేవు. అడుగున రంగురంగుల గులకరాళ్లు, ఓ మూల నీళ్ల గిన్నె, రెండు ప్లాస్టిక్ తీగలు, వాటి మీద ముదురు గోధుమరంగులో ముడుచుకుని ఒక ఊసరవెల్లి. "బాబాయ్, సెటప్ ఎలా ఉంది?" అని కింద రాశాడు. తొట్టి ఎవరో ఫైనల్ ఎగ్జిట్‌లో, అంటే సౌదీని శాశ్వతంగా వదిలి స్వదేశం వెళ్లిపోతూ, ఊరికే ఇచ్చి వెళ్లారట. ఊరికే వచ్చిన తొట్టి ఖాళీగా ఎందుకుండాలని జంతువును కొన్నాడన్నమాట! మన పెంపకాలు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. కుక్క బొమ్మ ఉన్న గొలుసు నచ్చి కుక్కను కొన్నవాళ్లు హైదరాబాదులో నాకు తెలుసు.

ముందు ఆ జీవి సంగతి చెప్పాలి. తల మీద నిటారుగా లేచిన కిరీటాన్ని బట్టి అది ముసుగు ఊసరవెల్లి. శాస్త్రవేత్తలు కమీలియో కాలిప్ట్రాటస్ అంటారు. దీని సొంత ఊరు యెమెన్, సౌదీకి నైరుతి మూలనున్న కొండలు. అంటే మావాడి గదిలో ఉన్నవాళ్లందరిలోనూ ఇకామా (నివాస అనుమతి) అక్కర్లేనిది అదొక్కటే. మగది తోకతో కలిపి అరవై సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, బాగా చూసుకుంటే ఆరేడేళ్లు బతుకుతుంది. ఆ నైరుతి మూలనే ఉన్న అసీర్ కొండల మీది అభా పట్టణం సముద్రమట్టానికి 2,200 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నడివేసవి పగలు కూడా ముప్పై డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది, రాత్రి దుప్పటి కావాలి. జెడ్డాలో ఆగస్టు రాత్రి ఇరవై ఎనిమిదికి దిగితే గొప్ప, దాని మీద సముద్రపు ఉక్క. ఒకే దేశంలో ఉన్నంత మాత్రాన రెండూ ఒకే ఊరు కావు. అరకులో పెరిగిన మొక్కను తెచ్చి రామగుండంలో పెట్టి, రెండూ తెలుగు నేలే కదా అంటే ఎలా ఉంటుంది?

ఇక గాజు. నా అసలు కోపం దాని మీదే. ఈ జీవికి గాలి ఆడాలి. తొట్టికి నాలుగు వైపులా గాజు గోడలుంటే లోపలి గాలి కదలదు. తడి పట్టిన చోట బూజు, ఊపిరితిత్తుల్లో జబ్బు. పైగా గాజులో దాని నీడ దానికే కనపడుతుంది. ఊసరవెల్లి ఒంటరి జీవి, మరో ఊసరవెల్లి కనపడితే యుద్ధానికి దిగుతుంది. తెల్లారి లేస్తే ఎదురుగా శత్రువు, రాత్రి దాకా కదలని శత్రువు! కిటికీ పక్కన పెట్టాను, ఎండ తగులుతోంది కదా అంటాడు మావాడు. ఎముకలు గట్టిపడటానికి కావలసిన యూవీబీ కిరణాలను మామూలు కిటికీ గాజు ఇంచుమించు పూర్తిగా ఆపేస్తుంది. వేడి మాత్రం లోపలికి వస్తుంది, వచ్చి అక్కడే కూర్చుంటుంది. చలిదేశాల్లో కొందరు గాజు పెట్టెల్లో పెంచుతున్నారని నాకూ తెలుసు. వాళ్లకు తలుపు తీస్తే మంచు. జెడ్డాలో ఆ వాదన చెల్లదు.

కావలసింది జాలీ పంజరం. పెద్ద మగదానికి అడుగు వైపు అరవై సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, ఎత్తు మాత్రం నూట ఇరవై. ఇది చెట్టెక్కే జీవి కాబట్టి వెడల్పు కన్నా ఎత్తు ముఖ్యం. పంజరాన్ని నేల మీద కాక బల్ల మీద పెట్టాలి. మనిషి పైనుంచి తొంగిచూస్తే దానికి గద్ద వాలినట్టే, అది మన తల కన్నా ఎత్తున కూర్చోగలిగితేనే నిశ్చింతగా ఉంటుంది. లోపల నిజమైన మొక్కలు పెట్టాలి. మందారం, మనీప్లాంటు చాలు. ఈ జాతి ఆకులు కూడా నములుతుంది, అందుకే ప్లాస్టిక్ తీగలు ప్రమాదం. అడుగున గులకరాళ్లు, ఇసుక వద్దు. పురుగు కోసం నాలుక విసిరినప్పుడు రాయి కూడా లోపలికి పోతే పేగు మూసుకుపోతుంది. అడుగు బోసిగా ఉంటే తుడుచుకోవడమూ సుఖం.

గిన్నెలోని నీళ్లు అలాగే ఉంటాయి, ఊసరవెల్లి ఎండిపోతుంది. నిలవ నీరు తాగేదని దానికి తెలియదు. ఆకు మీద చుక్క జారితే, అది మెరిస్తే తాగుతుంది. కొండల్లో మంచు ఆ పని చేస్తుంది. ఇంట్లోనైతే పొద్దున్నే, రాత్రి దీపం ఆర్పాక తుంపర కొట్టాలి. పగలు కాసేపు పైన సన్న చిల్లు పెట్టిన సీసా నుంచి ఆకుల మీదకు చుక్కచుక్కగా పడనివ్వాలి. పగలంతా తడిగా ఉంచకూడదు, ఆరాలి. ఏసీ గాలి సూటిగా తగలకూడదు. జెడ్డా గదిలో ఏసీ ఆపితే ఉక్క, వేస్తే ఎడారి, ఈ రెంటి మధ్య పంజరం ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికే ఒక వారం పడుతుంది. ఆ వారం జంతువు లేకుండా ఉత్త పంజరమే ఉండాలి. థర్మామీటరు, తేమ కొలిచేది లోపల పెట్టి చూసుకోవాలి. దీపం కింది కొమ్మ దగ్గర ముప్పై, ముప్పై రెండు, కింది ఆకుల్లో ఇరవై నాలుగు చూపించాలి. యూవీబీ ట్యూబు రోజుకు పన్నెండు గంటలు వెలగాలి, ఏడాది తిరిగేసరికి మార్చాలి. బయటికి వెలుతురు ఇస్తూనే ఉంటుంది కానీ లోపల సరుకు అయిపోతుంది. పురుగులకు ముందు కూరగాయలు మేపి, వాటి మీద క్యాల్షియం పొడి చల్లి పెట్టాలి. ఇవన్నీ లేకపోతే ఎముకలు మెత్తబడి కాళ్లు విల్లులా వంగిపోతాయి. అప్పుడు దాని ఫొటో ఎవరూ ఎవరికీ పంపరు.

ఆడదైతే మగతోడు లేకున్నా గుడ్లు పెడుతుంది. తవ్వుకోవడానికి తడి ఇసుక నింపిన బకెట్టు దొరక్కపోతే గుడ్లు లోపలే ఉండిపోయి చచ్చిపోతుంది. ఈ మాట అమ్మేవాడు చెప్పడు.

రంగు గురించి ఒక్క మాట. "బాబాయ్, అది గోధుమరంగు రాయి మీదకు వస్తే గోధుమరంగుకు మారింది" అని మావాడు మురిసిపోయాడు. మారలేదు నాయనా, దిగులుపడింది. చుట్టూ ఉన్న రంగును బట్టి ఇది చొక్కా మార్చదు. వేడి, భయం, కోపం, ఆడతోడు, వీటిని బట్టి మారుస్తుంది. చర్మంలోని అతిసన్నని స్ఫటికాల మధ్య దూరాన్ని సర్దుకుని ఆ పని చేస్తుందని 2015లో జెనీవా శాస్త్రవేత్తలు తేల్చారు. ఎన్నికలకో కండువా మార్చే నాయకుణ్ణి దీనితో పోల్చడం మనకు అలవాటు. దీని రంగులో అబద్ధం లేదు, పోలిక ఎటు నుంచి చూసినా తప్పే.

ఇప్పుడు నాకు నిజంగా మంట పుట్టిన విషయానికి వస్తాను. ఈ అబ్బాయి ఉంటున్నది బలద్‌లో. గాలి పోసుకునే గూడు ఎలా కట్టాలో ప్రపంచానికి పాఠం చెప్పగల ఊరది. గది మెట్లు దిగి కాస్త నడిస్తే పాత ఇళ్లు. ఎర్రసముద్రపు పగడపు రాళ్లతో కట్టిన గోడలు, వాటికి వేలాడే చెక్క కిటికీలు. వాటిని అక్కడ రవాషీన్ అంటారు. కిటికీ అనడం తక్కువే, గోడ నుంచి వీధిలోకి పొడుచుకొచ్చిన చెక్క గది అనాలి. సన్నని జాలీ పని. ఎండ ముక్కలై లోపలికి వస్తుంది, సముద్రపు గాలి మాత్రం ముక్కలవకుండా వస్తుంది. లోపలివాళ్లు వీధిని చూస్తారు, వీధిలోవాళ్లకు లోపలివాళ్లు కనపడరు. ఊసరవెల్లికి కావలసినవి సరిగ్గా ఇవే కదా! గాలి, చెక్కిన వెలుతురు, చాటు, ఎత్తు. ఆ టేకు చాలావరకు మన దేశం నుంచి, జావా నుంచి ఓడల్లో వెళ్లింది. 2014లో యునెస్కో ఈ పాత జెడ్డాను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అక్కడే నసీఫ్ ఇల్లు ఉంది. 1872లో మొదలుపెట్టి 1881 దాకా కట్టారు. ఒంటెలు సామాను మోసుకుంటూ పై అంతస్తుల దాకా ఎక్కేలా మెట్లను వెడల్పుగా పెట్టారని చెప్పుకుంటారు. 1925లో జెడ్డా స్వాధీనమయ్యాక అబ్దులజీజ్ రాజు దిగింది ఆ ఇంట్లోనే. ఆ ఇంటికి ఇంకో పేరు, చెట్టున్న ఇల్లు. ఊరంతటికీ చాలాకాలం అదొక్కటే చెట్టు అని చెబుతారు. ఆ చెట్టు ఏమిటో తెలుసా? వేప. మన వీధి వేప. జెడ్డా వెళ్లిన ప్రతి తెలుగువాడూ షాపింగు సంచులతో దాని ముందునుంచే వెళతాడు, ఒకడూ తలెత్తి చూడడు.

అంత తెలివైన కట్టడాల పక్కన ఉంటూ మనవాడు గాజును ఎంచుకున్నాడు. వాణ్ణి అని ఏం లాభం? హైదరాబాదులో మాదాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా మనం కట్టుకున్నదేమిటి? ఏప్రిల్‌లో రోళ్లు పగిలే ఎండ కాసే దక్కన్ పీఠభూమిలో, నిలువెత్తు గాజు పెట్టెలు. సూర్యుణ్ణి లోపలికి పిలిచి, తర్వాత అతణ్ణి తరమడానికి టన్నుల లెక్కన ఏసీలు. తెరవడానికి ఒక్క రెక్క ఉండదు. మండువా లోగిళ్లు కట్టినవాళ్ల మనవళ్లం, గుమ్మానికి వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చిలకరించుకుని పడుకున్నవాళ్ల మనవళ్లం. ఈ గాజు ఎవరు అడిగారో నాకు ఇంతవరకు తెలియలేదు. న్యూయార్కులో ఉంది కాబట్టి మనకూ ఉండాలన్నది తప్ప వేరే కారణం ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పి తీరాలి. ఆ ఫొటోలో తొట్టి వెనక ఉన్న గది కూడా కనపడింది. ఇనుప మంచాలు, మంచం మీద మంచం. ఉన్న ఒక్క కిటికీలో ఏసీ బిగించి, మిగిలిన సందును ప్లైవుడ్డుతో మూసేశారు. ఇలాంటి గదులు నేను చూసినవే. కడప నుంచి, కోనసీమ నుంచి, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి వెళ్లిన వేలమంది బతుకులు ఇలాంటి గదుల్లోనే గడిచాయి. 1947లో జెడ్డా కోటగోడ పడగొట్టాక డబ్బున్న కుటుంబాలు కొత్త పేటలకు తరలిపోయాయి. పగడపు రాళ్ల ఇళ్లు అద్దెగదులుగా చీలి, పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్లకు దక్కాయి. ఇప్పుడు 2019 నుంచి ప్రభుత్వం డబ్బు పోసి ఆ ఇళ్లను బాగుచేస్తోంది. సంతోషమే. రవాషీన్‌కు మళ్లీ రంగు వస్తోంది, వాటి వెనక కాఫీ హోటళ్లూ ప్రదర్శనశాలలూ వస్తున్నాయి. కూలివాడి మంచం మాత్రం ప్లైవుడ్డు కిటికీ పక్కకే జరుగుతోంది.

ఊసరవెల్లికి ఎంత చోటు కావాలో సెంటీమీటర్లతో సహా పైన రాశాను. అది ఒంటరి జీవి అని రాశాను, ఎండ, గాలి, తేమ లెక్కలు రాశాను. రాస్తున్నంతసేపూ ఒక్కటే ఆలోచన. మంచానికి ఇంత అని నెలనెలా అద్దె కడుతున్న మనిషి గదికి ఈ లెక్కలు ఎవరు వేస్తారు? జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు గంటల వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని సౌదీలో నిబంధన ఉంది, మంచిదే. ఆ మూడు గంటలు అతను తిరిగి వచ్చేది ఏ గదికి? జెడ్డాలో తెలుగు సంఘాలు ఉగాదికి హాలు మాట్లాడతాయి, సినిమావాళ్లను పిలుస్తాయి, శాలువాలు కప్పుతాయి. ఏడాదికొక్కసారి ఓ పది గదులు తిరిగి, కిటికీ ఉందో లేదో రాసుకుని కాన్సులేటులో ఇస్తే ఏం పోతుంది? శాలువా ఖర్చు కూడా కాదు.

మళ్లీ జంతువు దగ్గరికి. సౌదీలో అడవి జీవుల్ని పట్టడానికీ అమ్మడానికీ 2019లో ఏర్పడ్డ జాతీయ వన్యప్రాణి కేంద్రం అనుమతి ఉండాలి. కాగితం లేకుండా సంచిలో తెచ్చి అమ్మేవాడి దగ్గర కొంటే, కొండ మీది జీవిని దొంగిలించినవాడికి మనం జీతం ఇచ్చినట్టు. కొనేసినవాళ్లు ఈ జుమ్మా సెలవునే జాలీ పంజరం, యూవీబీ ట్యూబు తెచ్చుకోండి, సరీసృపాలు చూసే పశువైద్యుణ్ణి వెతుక్కోండి. కొననివాళ్లు కొనకండి. అంతగా చూడాలనుంటే ఈద్ సెలవులకు అసీర్ వైపు వెళ్లండి. రాత్రిపూట ఇవి కొమ్మ చివర పాలిపోయిన రంగుతో నిద్రపోతాయి, టార్చి వేస్తే తేలిగ్గా కనపడతాయి. చూసి వచ్చేయండి.

ఫైనల్ ఎగ్జిట్‌లో వస్తూ పిల్లల సరదా కోసం పెట్టెలో దాచి తెద్దామనుకునేవాళ్లకు చివరిగా ఒక మాట. ఈ జాతి, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది, సరిహద్దు దాటాలంటే రెండు దేశాల కాగితాలూ కావాలి. మన దేశంలో ఇలాంటి విదేశీ జీవులు ఇంట్లో ఉంటే కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలని 2024 ఫిబ్రవరిలో నియమాలు వచ్చాయి. మన చేలగట్ల మీద తిరిగే దేశీ ఊసరవెల్లిని పట్టి పెంచుకోవడం కూడా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమే.