కప్ప చర్మంలోని డాలు

అమెరికాలోని బెథెస్డాలో, జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధనశాలలో మైఖేల్ జాస్లాఫ్ జన్యువుల పనితీరును పరిశీలిస్తుండేవారు. అందుకు ఆఫ్రికా కప్పల అండాలు కావలసివచ్చేవి. కప్ప పొట్ట కోసి, అండాలు తీసి, కుట్లు వేసి, మళ్ళీ తొట్టి నీటిలో వదిలేవారు. ఆ నీటి నిండా సూక్ష్మజీవులే. అయినా గాయాలు చీము పట్టకుండా మానిపోయేవి! ఈ కప్పలను కోసిన శాస్త్రజ్ఞులు ఎందరో. ఇది ఎలా సాధ్యమని ఆగి ఆలోచించినవారు ఆయన.

సమాధానం కప్ప చర్మంలోనే దొరికింది. 1987లో ఆయన రెండు పెప్టైడులను లోకానికి వెల్లడించారు. ఒక్కొక్కదానిలో ఉన్నవి 23 అమైనో ఆమ్లాలే. హీబ్రూ భాషలో డాలు అని అర్థమిచ్చే మాటనుబట్టి వాటికి మెగైనిన్‌లని పేరు పెట్టారు. వీటికి ధనవిద్యుదావేశం ఉంటుంది. బాక్టీరియా పైపొరకు ఋణావేశం. అందుచేత ఇవి ఆ పొరకు అతుక్కొని, దానిని ఛేదిస్తాయి. జంతుకణాల పైపొరలో ఆ ఆవేశం స్వల్పం కనుక వాటి జోలికి అంతగా పోవు.

మీ దేహంలోనూ ఇటువంటి కాపలాదారులున్నారు. చిన్నప్రేగుల లోపలిపొర డిఫెన్సిన్‌లను స్రవిస్తుంది. వేలు తెగితే, గాయం అంచున చర్మకణాలు ఎల్‌ఎల్-37 అనే పెప్టైడును అధికంగా తయారుచేస్తాయి.

మరి దీనిని మందుగా మార్చలేమా? మెగైనిన్‌ను సవరించి, మధుమేహ రోగుల పాదాల పుండ్లకు పెక్సిగనాన్ అనే లేపనం చేశారు. 1999లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి నిరాకరించింది. 2016లో వెల్లడైన పరీక్షా ఫలితాలలోనూ, మందు కలపని లేపనం కన్నా అది మెరుగని తేలలేదు. కప్ప మాత్రం తన డాలును తానే, అవసరమైనచోట, అవసరమైనంత తయారుచేసుకుంటోంది.