నిమ్మకాయకు చోటుంది, సైకిలుకు లేదు

మా తోడల్లుడికి కుంటలో కిరాణా కొట్టుంది. హిందీవాళ్ళు కోంటా అంటారు. ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా జిల్లాకు చివర, శబరి నది ఒడ్డున, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు. ఆ మధ్య ఆయన్ని చూడటానికి వెళ్తూ సుక్మాలో బస్సెక్కాను. డ్రైవరు వెనక సీటు దొరికింది. బస్సు ముందు నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండ. అద్దం పైన ముగ్గురు దేవుళ్ళు, ముగ్గురికీ బంతిపూల మాల, అగరొత్తి.

దోర్నపాల్ దాటాక ముందు ముగ్గురు ఆడపిల్లలు స్కూలు యూనిఫారంలో సైకిళ్ళ మీద పోతున్నారు. ఎదురుగా లారీ వస్తోంది. మా డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టలేదు, హారన్ మీద చెయ్యి పెట్టాడు. లారీకీ సైకిళ్ళకీ మధ్యలోంచి బస్సు దూర్చేశాడు. చివరి పిల్ల హ్యాండిల్ వణికింది, ముందు చక్రం తారు అంచు దిగి కంకరలో పడింది. ఆ పిల్ల కింద పడిపోయింది. నేను కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. లేచి నిలబడింది. అంతవరకే కనిపించింది. బస్సు ఆగలేదు.

"అదేంటి బాబూ, ఆ పిల్ల పడిపోయింది గదా!" అన్నాను.

"హారన్ కొట్టాను గదా సార్, వాళ్ళే దిగాలి. అయినా ఏం కాలేదు గదా, అమ్మవారి దయ" అన్నాడు.

నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఇంకో మాట కలిపాడు. "రాసిపెట్టి ఉంటే ఇంట్లో పడుకున్నా పోతారండీ!"

పాఠకులారా, రాత అంటే ఎవరు రాసింది? ఆ మాట విన్నప్పటి నుంచీ నా మనసు కుదురుగా లేదు. నేను రక్షణశాఖ అకౌంట్స్‌లో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. చదివింది బీకాం. ఇంజనీర్ని కాను, డ్రైవర్ని అసలే కాను. కానీ లెక్కలో తప్పుంటే పట్టుకోగలను. ఆ బస్సు లెక్క ఇంటికొచ్చాక కాగితం మీద వేశాను. మీరూ వేసి చూడండి.

రెండు లేన్ల రహదారికి తారు వెడల్పు మామూలుగా 7 మీటర్లు. మన నిబంధనల ప్రకారం బస్సుగానీ లారీగానీ 2.6 మీటర్ల వెడల్పు దాకా ఉండొచ్చు. ఎదురెదురుగా రెండూ కలిస్తే 5.2 మీటర్లు ఖర్చు. మిగిలింది 1.8. లారీకి అవతలి అంచున ఒక అరమీటరు, రెండు బళ్ళ మధ్య ఒక అరమీటరు వదలాలి గదా, అది తీసెయ్యండి. మిగిలింది 0.8. ఇప్పుడు సైకిలు సంగతి. తారు అంచుకు అరమీటరు లోపలగా తొక్కుతుంటే, సగం హ్యాండిల్ కలుపుకుని దానికి కావలసింది 0.8. అంటే బస్సుకీ ఆ పిల్ల మోచేతికీ మధ్య నిల్వ సున్నా! ఈ పద్దులో దేవుడు ఎక్కడా లేడు. ఇరుక్కుని పోవాలన్న నిర్ణయం ఒక్కటే ఉంది.

సరే, సరైన పద్ధతిలో ఎంత కావాలి? సైకిలుకు 0.8, మధ్య ఖాళీ 1.5, బస్సుకు 2.6. మొత్తం 4.9 మీటర్లు. మన లేను 3.5. కాబట్టి బస్సు 1.4 మీటర్లు అవతలి లేనులోకి వెళ్ళక తప్పదు. అప్పుడు ఎదుటివాడికి 2.1 మీటర్లే మిగులుతుంది, లారీ పట్టదు. దీన్ని బట్టి తేలేదేమిటి? సైకిలును దాటడం కూడా లారీని దాటడం లాంటి పూర్తి ఓవర్‌టేకే! ఎదుటి లేను ఖాళీగా ఉంటేనే దాటాలి, లేకపోతే వెనకే ఆగాలి. మన డ్రైవర్లలో ఎక్కువమందికి ఎవరూ నేర్పనిది ఈ ఒక్క వాక్యమే. సైకిలంటే వాళ్ళకు వాహనం కాదు, రోడ్డు అంచున ఉన్న చెట్టో రాయో.

"ఆగితే టైమైపోతుంది సార్" అంటారు. అదీ లెక్క చూద్దాం. సైకిలు గంటకు 12 కి.మీ. వేగంతో పోతోందనుకోండి. దాని వెనక వంద మీటర్లు నెమ్మదిగా నడిపితే 30 సెకన్లు. 60 కి.మీ. వేగంతో అదే వంద మీటర్లకు 6 సెకన్లు. నష్టం 24 సెకన్లు. సుక్మా నుంచి కుంటకు పోయేలోగా పదిసార్లు ఇలా ఆగాల్సొచ్చినా మొత్తం నాలుగు నిమిషాలు. ఆ రోజు మా బస్సు దోర్నపాల్‌లో టీ కోసం పదిహేను నిమిషాలు ఆగింది. టీకి పదిహేను నిమిషాలు ఉన్నాయి, ఆడపిల్ల ప్రాణానికి ఇరవై నాలుగు సెకన్లు లేవు!

ఇక నిమ్మకాయ దగ్గరికి వద్దాం. మన దేశంలో రోడ్డు మీద తిరిగే బస్సులకీ లారీలకీ చాలావాటికి ఏదో ఒక దండ, దిష్టిబొమ్మ, ఆయుధ పూజ కుంకుమ ఉంటాయి. కేంద్ర రవాణాశాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో సైకిలు మీద పోతున్నవాళ్ళు నాలుగు వేలకు పైగా. దండలు కాపాడింది ఎవర్ని? ఇంకో చిన్న ప్రశ్న. బీమా కంపెనీలు ఏ వాహనానికి ఎంత ముప్పు ఉందో లెక్కగట్టి ప్రీమియం వేస్తాయి. నిమ్మకాయ కట్టుకున్నందుకు ఒక్క రూపాయి ప్రీమియం తగ్గించిన కంపెనీని ఎవరైనా చూపించగలరా?

నిమ్మకాయ దానంతటది ఎవర్నీ చంపదు. కానీ దాని వెనకున్న నమ్మకం చంపుతుంది. "నాకు రక్ష ఉంది" అనుకున్నవాడు బ్రేకు మీద కాలు పెట్టడు. ప్రమాదం రాత అనుకున్నవాడికి నేర్చుకోవలసింది ఏమీ ఉండదు. పడినా రాతే, బతికినా దయే! తప్పు ఏ ఖాతాలోనూ జమపడదు.

బస్తర్‌లో ఈ రోడ్ల ఖరీదు మామూలుది కాదు. సుక్మా రైలు లేని జిల్లా. బియ్యం నుంచి సిమెంటు దాకా అన్నీ లారీల మీదే వస్తాయి. 2017 ఏప్రిల్‌లో బుర్కాపాల్ దగ్గర, దోర్నపాల్-జగర్‌గుండా రోడ్డు పనికి కాపలా ఉన్న సీఆర్‌పీఎఫ్ జవాన్లు 25 మంది మావోయిస్టుల కాల్పుల్లో చనిపోయారు. రక్షణశాఖలో జీతం తీసుకున్నవాణ్ణి కాబట్టి అలాంటి వార్త నాకు కేవలం అంకె కాదు. అంత ఖరీదు పెట్టి రోడ్లు వేశాం. తారు నున్నబడితే వేగం పెరుగుతుంది, వేగం రెట్టింపైతే ఢీకొట్టే శక్తి నాలుగు రెట్లవుతుంది. ఇంకోపక్క అదే రాష్ట్ర ప్రభుత్వం సరస్వతి సైకిల్ యోజన కింద తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళిస్తోంది. చాలా మంచి పని. రోడ్డు ఇచ్చాం, సైకిలు ఇచ్చాం, వెనక నుంచి వచ్చే డ్రైవరుకు అరగంట పాఠం మాత్రం ఇవ్వలేదు.

చట్టం లేదా అంటే ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో, లైసెన్సు పరీక్షలో అభ్యర్థి చేసి చూపించాల్సిన వాటిలో ఇతర వాహనాలను జాగ్రత్తగా దాటడం కూడా ఒకటని స్పష్టంగా రాసి ఉంది. మరి మన పరీక్షల్లో జరిగేదేమిటి? ఎనిమిది అంకె తిప్పించి పంపేస్తున్నారు. ఎనిమిది అంకె మీద సైకిలు తొక్కే పిల్ల ఎక్కడుంది? 2019 సవరణ తరవాత, చట్టానికి విరుద్ధంగా ఓవర్‌టేక్ చెయ్యడం ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికి వచ్చింది. మొదటిసారికే వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. కాగితం మీద అన్నీ ఉన్నాయి.

బయటి దేశాలు ఏం చేశాయి? జర్మనీ 2020లో ఊళ్ళో 1.5 మీటర్లు, ఊరి బయట 2 మీటర్లు అని చట్టంలోనే అంకె వేసింది. అంకె వేస్తే సరిపోదు, నేర్పాలి కూడా. ఇంగ్లాండులో వెస్ట్ మిడ్‌లాండ్స్ పోలీసులు 2016లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. మామూలు బట్టల్లో ఒక పోలీసు సైకిలు తొక్కుతాడు. మరీ దగ్గరగా దాటినవాణ్ణి కొంత దూరంలో ఆపి, నేల మీద పరిచిన పట్టా మీద సైకిలుకి ఎంత దూరం వదలాలో చూపించి, పావుగంట పాఠం చెప్పి పంపుతారు. తరవాత ప్రమాదాలు తగ్గాయని ఆ పోలీసులు చెప్పుకున్నారు. ఒక చోట, ఒక ఏడాది లెక్కతో రుజువైపోయిందని నేననను. అలా అంటే నాకూ నిమ్మకాయ భక్తుడికీ తేడా ఉండదు. కానీ దాన్ని కొలిచి చూడొచ్చు, మళ్ళీ చేసి చూడొచ్చు, తప్పయితే మానెయ్యొచ్చు. నిమ్మకాయకు ఆ సౌకర్యం లేదు.

"సైకిలువాళ్ళు మాత్రం రూల్స్ పాటిస్తారా? పక్కపక్కనే తొక్కుతారు, రాత్రిపూట లైటుండదు" అని కొందరంటారు. నిజమే, వాళ్ళకూ నేర్పాలి. కానీ పది టన్నుల బండి నడిపేవాడి తప్పుకు శిక్ష సైకిలు తొక్కేవాడే అనుభవిస్తాడు, సైకిలువాడి తప్పుకు శిక్షా వాడే అనుభవిస్తాడు. జమ ఒకడిది, ఖర్చు ఇంకొకడిది అయినప్పుడు ముందు ఎవరి పద్దు తనిఖీ చెయ్యాలో ఆడిటర్ని అడగక్కర్లేదు.

చివరగా మన హేతువాద మిత్రులకు ఒక మాట. కాస్త చేదుగా ఉండొచ్చు. మనం నిమ్మకాయను వెక్కిరిస్తూ వ్యాసాలు రాసుకుని, మనలో మనం చప్పట్లు కొట్టుకుంటున్నాం. డ్రైవరు చేతిలోంచి నిమ్మకాయ లాగేసి ఖాళీ చెయ్యి వదిలేస్తే వాడు రేపు ఇంకోటి కొనుక్కుంటాడు. ఆ చేతిలో ఏం పెడుతున్నాం? రవాణా లైసెన్సు ఐదేళ్ళకోసారి రెన్యువల్ చెయ్యాలి. ఆ రోజు ఆఫీసు ఆవరణలో ఒక పాత సైకిలు నిలబెట్టి, పక్కన 1.5 మీటర్ల దూరంలో సున్నంతో గీత గీసి, డ్రైవరును ఆ గీత దాటకుండా బండి నడపమనండి. తరవాత అతన్నే సైకిలు మీద కూర్చోబెట్టి పక్కనుంచి బస్సు పోనివ్వండి. ఒకసారి దూరంగా, ఇంకోసారి కొంచెం దగ్గరగా, మెల్లిగా. ఆ గాలి ఒంటికి తగిలితే నా వ్యాసం కన్నా బాగా అర్థమవుతుంది. ఖర్చు ఒక కిలో సున్నం. మన సంఘాలు ఊరూరా ఈ ప్రదర్శన చెయ్యలేవా? నిప్పుల మీద నడిచి చూపించినవాళ్ళం, గీత గీయలేమా?

నా లెక్కలో తప్పుంటే చూపించండి, ఇదే చోట దిద్దుకుంటాను. రాత అని మాత్రం చెప్పకండి. ఆ పిల్ల లేవడం నేను చూశాను. మోకాలు చిట్లిందో, చెయ్యి విరిగిందో చూడటానికి మా బస్సుకు తీరిక లేకపోయింది.