నోటు మీద ఖైదీ!

సిడ్నీ నుంచో మెల్‌బోర్న్ నుంచో మీవాళ్లెవరైనా వస్తే 20 డాలర్ల నోటు ఒకటి అడిగి చూడండి. ఓ వైపు కళ్లజోడుతో, తలకు కుచ్చుల టోపీతో ఓ పెద్దావిడ కనిపిస్తుంది. పేరు మేరీ రీబీ. ఏ గవర్నరుగారి భార్యో అనుకుంటాం. కాదు... గుర్రం దొంగతనం కేసులో శిక్షపడి ఆ దేశానికి చేరిన ఖైదీ!

ఆ రోజుల్లో బ్రిటన్ చట్టాలు మహా కఠినం. ఉరిశిక్ష వేయదగ్గ నేరాలే రెండొందలకు పైన ఉండేవి. గుర్రాన్నో గొర్రెనో దొంగిలించినా ప్రాణం మీదికొచ్చేది. అందర్నీ ఉరి తీయలేక చాలామందిని సముద్రం దాటించేవారు. మొదట్లో అమెరికాకు పంపేవారు. అక్కడివాళ్లు స్వాతంత్య్రం కోసం తిరగబడటంతో ఆ దారి మూసుకుపోయింది. జైళ్లు చాలక పాత ఓడల్లో ఖైదీలను కుక్కారు. అవీ నిండిపోయాయి. అప్పుడు ఆస్ట్రేలియా మీద కన్నుపడింది.

1787 మేలో బయల్దేరిన 11 ఓడలు 1788 జనవరిలో అక్కడికి చేరాయి. అది మొదలు 1868 దాకా సుమారు 1,62,000 మందిని అలా తరలించారు. ఏడేళ్లు, పద్నాలుగేళ్లు, లేదంటే యావజ్జీవం. గడువు తీరాక తిరిగొచ్చే ఖర్చు మాత్రం ఎవరిది వారిదే. అంత డబ్బు ఎక్కడిది? అందుకే చాలామందికి ఏడేళ్ల శిక్షంటే ఇక పుట్టిన ఊరి మొహం చూడకపోవడమే.

మేరీ 1777లో ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో పుట్టింది. ఇల్లు వదిలి, మగపిల్లాడి వేషంలో జేమ్స్ బరో అన్న పేరుతో తిరుగుతూ పట్టుబడింది. 1790లో ఏడేళ్ల శిక్ష పడేనాటికి ఆమె వయసు 13. మన ఇళ్లలో అయితే ఎనిమిదో తరగతి పిల్ల! 1792 అక్టోబరులో సిడ్నీ రేవు నుంచి పిన్నికి ఉత్తరం రాసింది. యావజ్జీవమని ఇక్కడివాళ్లు భయపెడుతున్నారనీ, వీలు చిక్కితే రెండు మూడేళ్లలో వచ్చేస్తాననీ దాని సారాంశం.

వెళ్లలేదు. 1794లో ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన థామస్ రీబీని పెళ్లాడింది. ఇద్దరూ కలిసి వ్యాపారం పెంచారు. 1811లో భర్త పోయాడు. ఏడుగురు పిల్లలు, ఓడలు, సరుకు... అంతా 33 ఏళ్ల మేరీ నెత్తిన పడింది. కుంగిపోలేదు. కొత్త గిడ్డంగి తెరిచింది, మరిన్ని ఓడలు కొంది. 1817లో ఆస్ట్రేలియాలో తొలి బ్యాంకు మొదలైంది ఆమె ఇంట్లోనే.

ఇంత సాధించినా ఒక్కటి మాత్రం వదల్లేదు. 1820లో కూతుళ్లతో ఇంగ్లండ్ వెళ్లి మరుసటి ఏడాది తిరిగొచ్చింది. 1828 జనాభా లెక్కల్లో తన గురించి ఏం రాయించిందో తెలుసా? 1821లో స్వేచ్ఛగా వచ్చానని! మాట నిజమే. కానీ ఖైదీగా అడుగుపెట్టిన 1792ను ఆ మాట చాటున దాచేసింది. శిక్ష గడువు తీరి ముప్పై ఏళ్లు దాటినా ఆ మచ్చ భయం వదల్లేదన్నమాట.

ఆమె ఒక్కతే కాదు. తాత ఖైదీ అన్న మాట బయటికి పొక్కకుండా ఎన్నో కుటుంబాలు తరాల తరబడి జాగ్రత్తపడ్డాయి. కాలం మారింది. ఇప్పుడు ఆ వారసులే పాత రికార్డులు తిరగేసి ముత్తాతల పేర్లు వెతుక్కుంటున్నారు. ఆ రికార్డులకు 2007లో, ఖైదీలు మగ్గిన 11 చోట్లకు 2010లో యునెస్కో గుర్తింపు దక్కింది.

మరో సంగతీ మరవకూడదు. ఖైదీలకు కొత్త బతుకునిచ్చిన ఆ నేల ఖాళీది కాదు. వేల ఏళ్లుగా అక్కడుంటున్న మూలవాసులు దాన్ని పోగొట్టుకున్నారు, ఏ నేరమూ చేయకుండానే.

మేరీ 1855లో కన్నుమూసింది. 1994లో నోటెక్కింది. కోర్టు వేసిన శిక్ష ఏడేళ్లే. లోకం వేసిన శిక్షే... ఎన్నేళ్లో లెక్కలేదు.