రూ. 3-8-0

పాత కథలను మళ్లీ అచ్చువేస్తున్నవారికి ఒక విన్నపం: డబ్బు లెక్కల దగ్గర కాస్త ఆగండి.

1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. పద్దులోనైనా పత్రిక వెలలోనైనా ఈ మూడింటినీ అడ్డగీతలతో విడదీసి రాసేవారు. రూ. 3-8-0 అంటే మూడు రూపాయల ఎనిమిదణాలు, అంటే మూడున్నర. ఇప్పుడు కంప్యూటర్‌లో కూర్చేటప్పుడు అడ్డగీత తీసి చుక్క పెడితే అది 3.80 అవుతుంది. ముప్పై పైసలు, అంటే ఆనాటి లెక్కలో దాదాపు అయిదణాలు, ఊరికే పెరిగాయి. 3-12-0ని 3.12 చేస్తే ముప్పావలా కాస్తా పన్నెండు పైసలకు పడిపోతుంది. ఒక పేజీలో పాత్ర ‘మూడున్నరకిస్తావా?’ అని బేరమాడి, తర్వాతి పేజీ పద్దులో 3.80 కనిపిస్తే పాఠకుడు రచయితనే తప్పుపడతాడు. ఆ అన్యాయం మనం చెయ్యకూడదు. అంకెలను ఉన్నవి ఉన్నట్టే ఉంచి, పేజీ అడుగున ఒక్క వాక్యం వివరణ ఇస్తే చాలు. 1957 తర్వాత కొన్నేళ్లు నడిచిన ‘నయాపైసలు’ అన్న మాటలోంచి ‘నయా’ను కొట్టెయ్యడమూ ఇలాంటి పొరపాటే.

కొత్త రచనల సంగతికొస్తే, 2010 జూలైలో కేంద్రం ఆమోదించిన ₹ గుర్తు వాడండి, లేదా మనకు అలవాటైన ‘రూ.’ వాడండి. రెండూ మాకు సమ్మతమే. అయితే రచన మొత్తం ఒకటే ఉండాలి. ‘₹500 రూపాయలు’ అని రాస్తే ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టు. ‘రూ.5-10 లక్షలు’ అంటే అయిదు రూపాయల నుంచా, అయిదు లక్షల నుంచా? ‘అయిదు నుంచి పది లక్షల దాకా’ అంటే ఏ గొడవా లేదు. బిల్లుల్లో అంకె తర్వాత పెట్టే ‘/-’ పక్కన ఇంకో అంకె ఎవరూ చేర్చకుండా వేసిన కట్టు. కథలో దాని పనేమీ లేదు.

సంభాషణల్లో మాత్రం అక్షరాలే రాయండి. మనిషి నోట ‘ఐదొందలు’ వస్తుంది, గుర్తు రాదు. అక్షరాలదే పైచేయి అన్నది కథకే కాదు, చెక్కుకూ వర్తిస్తుంది: దాని మీద అంకెలకూ అక్షరాలకూ తేడా వస్తే అక్షరాల్లో రాసిన మొత్తమే చెల్లుతుందని 1881 నాటి చట్టమే చెబుతోంది.

అమెరికా నుంచి కథలు పంపే మిత్రులకు ఒక మాట: డాలర్ల పక్కన బ్రాకెట్లో రూపాయలు రాయొద్దు. జీతం డాలర్లలో తీసుకునే పాత్ర డాలర్లలోనే కూడుకుంటుంది, పైగా మారకపు రేటు కథ అచ్చయ్యేలోపే మారిపోతుంది.