గాజుజాడీపై ఆడపిల్ల పేరు



మన సీమలో పెండ్లికి పాత్ర చదివించుట తరతరముల వాడుక. పాత్ర కొన్న చోటనే దుకాణదారుడు చిన్న యంత్రముతో చుక్కచుక్కగా పేరు కొట్టి యిచ్చును. ఆ పేరెవరిది? ఇచ్చినవారిది. మొన్న మా యింటి అటకమీది బిందెలను, గిన్నెలను దించి చూచితిమి. మేనమామల పేర్లు, పినతండ్రుల పేర్లు, పెండ్లి తారీఖులు అన్నియు నున్నవి. పదునైదేండ్లుగా వానిని తోమి బోర్లించుచున్న మా పేరు మాత్ర మొక్కదానిమీదను లేదు. ఇందుకు మే మెవ్వరిని తప్పుపట్టము. ఇచ్చినవారిని మఱవకుండుటకే ఆ పేర్లు. అయినను, మాఘమున మా ఆడబిడ్డ కూతురి పెండ్లి నిశ్చయమైనప్పుడు, పుచ్చుకొనునామె పేరుగల వస్తువు నొకదానిని మా చేతులతో చేసి యీయవలెనని తోచినది. పులివెందుల నుండి మూతగల దళసరి గాజుజాడీలు రెండు తెప్పించితిమి.

ఇంట గాజుపై వ్రాయుటకు రెండు మార్గములు కలవు. మొదటిది మందుతో చేయునది. అక్షరముల ఆకారమున కత్తిరించిన కాగితము నంటించి, లేహ్యమువంటి యొక పదార్థమును పూసి, కొన్ని నిముషములకు కడిగినచో ఆ చోట గాజు తెల్లగా మసకబాఱును. చూచుటకు సులువు. తెప్పింపబోయితిమి కూడ. మా యింటివారు బడిలో విజ్ఞానశాస్త్రము బోధింతురు. వారు అందలి ద్రవ్యముల పేర్లు చదివి వలదనిరి.

కారణము వినుడు. గాజునకు మూలము ఇసుకలోని సిలికా. దానిని తినివేయగలది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము. స్వీడను దేశపు రసాయనజ్ఞుడు షీలే 1771లో దీనిని పరిశోధించి వివరించెను. ఆ లేహ్యములలో నుండునవి యీ జాతి ఫ్లోరైడు లవణములే. చర్మమునకు తగిలిన వెంటనే మంట తెలియకపోవచ్చును. తరువాత లోనికి దిగి, ఒంటిలోని కాల్షియమును పట్టివేసి, ఎముక వఱకు చెఱుపు చేయగలదు. ఫ్లోరైడు మనకు క్రొత్తది కాదు. అది మిక్కిలిగా గల బావినీటిని ఏండ్ల తరబడి త్రాగినవారి పండ్లు, ఎముకలు చెడుటను 1937లోనే వైద్యులు నెల్లూరు జిల్లాలో గుర్తించి వ్రాసిరి. ఆ హాని ఏండ్లమీద కలుగునది, ఈ హాని గంటలలో కలుగునది. పసిపిల్లలు తిరుగాడు ఇంట ఇట్టి సీసాను ఉంచరాదు. ఎవరికైన పొరపాటున తగిలినచో, నొప్పి లేదుగదా యని ఊరకుండక, నీటిధారక్రింద బాగుగా కడిగి, ఆ సీసాను కూడ తీసికొని వెంటనే ఆసుపత్రికి పోవలెను.

రెండవది చేతిపని. మేము దీనినే పట్టితిమి. హాలెండులో పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రాన్స్ గ్రీన్‌వుడ్ అను నాతడు వజ్రపు మొనతో చుక్కలు పొడిచియే గాజుపాత్రలపై బొమ్మలు దించెను. మన పాత్రల దుకాణమువాని పద్ధతియు నదియే గదా! గుండ్రని మన అక్షరములకు చుక్కలే తగును. గీత గీయబోయిన, వంపు కడ మొన జాఱును. మా మొదటి జాడీ అట్లే చెడినది. ఇప్పుడది మా యింట చింతపండునకు ఉపయోగపడుచున్నది.

చేయు విధము: వజ్రపు మొనగల కలము నొకదానిని సంపాదింపుడు. పేరును బొటనవ్రేలంత అక్షరములతో కాగితముపై వ్రాసి, వ్రాత వెలుపలికి కనబడునట్లు జాడీ లోపల అంటింపుడు. కడపబండమీద తడితువాలు మడిచి పరచి, జాడీని దానిపై పండుకొనబెట్టుడు. కంటికి అద్దములు పెట్టుకొనుడు. కలమును నిటారుగా పట్టి, మెల్లగా, మొదట ఎడముగా చుక్కలు పెట్టి, పిమ్మట వాని నడుమ నింపుడు. గట్టిగా ఒత్తరాదు. రాలిన గాజుపొడిని నోటితో ఊదక తడిబట్టతో అద్దవలెను. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పని ముగిసినపిదప జాడీని లోపల, వెలుపల కడిగి, ఆ బట్టను పాఱవేయుడు. పలుచని గ్లాసులను, వేడి పదార్థములు పోయు పాత్రలను, టఫెన్డ్ గాజును ఈ పనికి ఎన్నుకొనరాదు. గీటుపడిన చోటనే అవి పగులవచ్చును. ముందుగా ఖాళీసీసాపై చేయి తిప్పుకొనుట మేలు. నాలుగక్షరములకు మాకు రెండు మధ్యాహ్నములు పట్టినవి.

పని మొదలిడునప్పుడు మా ఆడబిడ్డ వచ్చి, "పేరు ముందర ఏ ఇంటిపేరు పెడతావు వదినా? పుట్టింటిదా, అత్తగారింటిదా?" అని యడిగినది. పెండ్లికి ఇంకను పది దినములున్నవి. ఒకటి వ్రాసిన నేటికి తప్పు, ఒకటి వ్రాసిన రేపటికి తప్పు. రెంటిని విడిచి, ఊయలలో వేసిననాడు పెట్టిన నాలుగక్షరములను మాత్రమే వ్రాసితిమి. మా పేరును వ్రాయలేదు. "గాజు పగులుతుంది, ఇత్తడి నిలుస్తుంది" అని యొక ముత్తైదువ అన్నది. మన చేతి గాజులును పగులునవే. అందుచేత వానిని తొడుగుట మానితిమా?

ఆ జాడీ నిండ మామిడికాయ ఊరగాయతో పిల్ల అత్తవారింటికి పోయినది. ఆషాఢమున పుట్టింటికి వచ్చినప్పుడు మమ్ము చూడవచ్చి యొక మాట చెప్పినది. ఆ యింట నలుగురు కోడండ్రు. పెద్దకోడలు, నడిపికోడలు, చిన్నకోడలు అని వరుసలతో పిలుచుటయే కాని, పేరు పెట్టి పిలుచుట లేదు. ఊరగాయజాడీలు మాత్రము నాలుగైదు గలవు. ఏ జాడీ తేవలెనో తెలియుటకై అత్తగారు భోజనపువేళ దానిమీది పేరు చదివి, ఫలానా జాడీ తెండని కేక వేయుదురట.

"రోజుకొక్కసారైనా ఆ ఇంట్లో నా పేరు వినబడుతోంది అత్తా" అన్నది.