పంటతో పాటు సాగవలసిన శిక్షణ

తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పేరును నిలబెట్టేది నేల స్వభావం, వంగడం మాత్రమే కాదు. చేనులో పురుగును, తెగులును సకాలంలో గుర్తించి రైతుకు తగిన సలహా ఇవ్వగల వ్యవసాయ విస్తరణాధికారి నైపుణ్యం కూడా. అయితే ఆ నైపుణ్యాన్ని అందించవలసిన మన శిక్షణల తీరు మానవ జ్ఞాపకశక్తి స్వభావానికి ఎదురుగా సాగుతున్నదని నా అభిప్రాయం.

సాధారణంగా వానాకాలానికి ముందే ఒకటి రెండు రోజుల శిక్షణలో విత్తన ఎంపిక మొదలు నిల్వ వరకు అన్ని అంశాలను బోధిస్తాము. కంది విత్తేది జూన్, జూలై మాసాలలో. మారుకా మచ్చల పురుగు పూతను గూడుగా అల్లుకునేది, శనగపచ్చ పురుగు కాయను తొలిచేది ఇంచుమించు అక్టోబరు నుండి. అంటే విన్న విషయం ఉపయోగపడేది నాలుగైదు నెలల తరువాత. నేర్చినదానిలో అధిక భాగం తొలి రోజులలోనే మరుగున పడుతుందని జర్మన్ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే ప్రయోగపూర్వకంగా చూపారు. కొంత విరామంతో పునశ్చరణ చేసినప్పుడే జ్ఞాపకం స్థిరపడుతుందని తరువాతి పరిశోధనలు ధ్రువపరచాయి. పైగా ఒక సమయంలో మనసు పట్టి ఉంచగల కొత్త అంశాలు సుమారు నాలుగే. ఒకే పూటలో ఇరవై సిఫారసులు చదివి వినిపించడం వలన ప్రయోజనం స్వల్పం.

రెండవ లోపం, చెప్పడమే నేర్పడమని భావించడం. 2006లో రోడిగర్, కార్పికే జరిపిన ప్రయోగంలో పాఠాన్ని మళ్ళీ చదివినవారు ఐదు నిమిషాల తరువాత ముందంజలో ఉన్నారు. వారం తరువాత మాత్రం చదివినదాన్ని స్వయంగా గుర్తు చేసుకుని రాసినవారే మెరుగయ్యారు. శిక్షణ ముగింపులో తీసుకునే అభిప్రాయ పత్రాలు మనలను ఎంతగా మభ్యపెట్టగలవో దీనివలన తెలుస్తుంది.

క్షేత్రంలో ఈ సూత్రాన్ని అమలు చేయడం కష్టం కాదు. వాడిన కంది మొక్కలను అధికారుల చేతికిచ్చి, కారణం వారినే చెప్పమనాలి. కాండాన్ని చీల్చితే లోపల నల్లని చారలు కనబడేది ఫ్యుజేరియం ఎండు తెగులులో. నేలకు దగ్గరగా కాండంపై ముదురు గోధుమ మచ్చలు ఏర్పడేది ఫైటోఫ్తోరా తెగులులో. వీటిని వేర్వేరు పాఠాలుగా కాక పక్కపక్కన ఉంచి పోల్చినప్పుడే భేదం మనసున నాటుకుంటుంది.

ఈ ఆలోచన విస్తరణ రంగానికి పూర్తిగా కొత్తది కాదు. 1970 దశకంలో డేనియల్ బెనోర్ రూపొందించిన శిక్షణ–సందర్శన పద్ధతిలో పక్షానికొకసారి శిక్షణ ఉండేది. 1989లో ఇండోనేషియాలో మొదలైన రైతు పొలం బడి సీజన్ అంతా పంటతో పాటే సాగింది. మొదటిది అధిక వ్యయం వలన, పైనుండి వచ్చే సందేశాలపై ఆధారపడుట వలన బలహీనపడినా, దానిలోని కాలవిభజన విడువదగినది కాదు.

మెదడు శాస్త్రం పేరిట ప్రచారమయ్యే ప్రతి మాటనూ నమ్మరాదు. విన్నదానిలో ఇంత శాతం, చూసినదానిలో ఇంత శాతం గుర్తుంటుందంటూ ఎడ్గార్ డేల్ అనుభవ శంకువుకు జోడించే అంకెలు ఆయనవి కావు. వాటికి ప్రయోగాధారమూ లేదు. విస్తరణ విద్యార్థులకు వాటిని ఇకనైనా బోధించకుండుట మేలు.

అదనపు దినాలు, అదనపు నిధులు కోరడం నా ఉద్దేశం కాదు. రెండు రోజుల శిక్షణను నాలుగు అర్ధదినాలుగా విభజించి విత్తే ముందు, శాఖీయ దశలో, మొగ్గ దశలో, కాయ దశలో రైతు వేదికల వద్ద, పక్క చేలలో నిర్వహించవచ్చు. ప్రతిసారీ గత పాఠంపై ప్రశ్నలతో ప్రారంభించాలి. సిబ్బందికి ఇతర విధుల భారం ఉన్నదన్న మాట నిజమే. అందుకే ప్రయాణం తగ్గేలా సమీప క్లస్టర్లను కలపాలి.

ప్రయోగశాల ఫలితాలు చేనులో యథాతథంగా వర్తిస్తాయని ముందే తీర్మానించనవసరం లేదు. తాండూరు ప్రాంతంలో కొందరు అధికారులకు పాత పద్ధతిలో, కొందరికి ఈ పద్ధతిలో శిక్షణనిచ్చి, కాయ దశలో చేనులోనే పురుగులను, తెగుళ్ళను గుర్తింపజేసి పోల్చవచ్చు. స్నాతకోత్తర విద్యార్థికి ఇది తగిన పరిశోధనాంశం. హాజరు పట్టిక ఎందరు వచ్చారో చెబుతుంది. ఎందరు నేర్చారో చెప్పవలసినది చేను.